ఒక్క పిల్ల మందుకి ఏడాదికి అరకోటి: సర్కారు పెట్టాలా, వద్దా?

కవిటి కొబ్బరితోట
తిట్టుకోవద్దని ముందే అడుగుతున్నాను. మా పక్క ఊళ్లో నాలుగేళ్ల పిల్లకి గాషే జబ్బు. పేపర్లవాళ్లు గౌచర్ అని రాస్తారు, అదే. పుట్టుకతోనే ఒంట్లో ఒక ఎంజైము తక్కువ. అది కరిగించాల్సిన కొవ్వు కరక్క బల్లలోను (అంటే ప్లీహంలోను), కాలేయంలోను, ఎముకల మూలుగలోను పేరుకుపోతుంది. ఆ ఎంజైమునే బయట తయారుచేసి పదిహేను రోజులకోసారి సెలైన్‌లో ఎక్కించాలి, బతికున్నన్నాళ్లూ. కేంద్రం 50 లక్షలు ఇచ్చింది. అది అయిపోయాక రాష్ట్రం భరించాలని సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెడుతున్నారు, సంతకం కోసం మా ఇంటికీ వచ్చారు. చందా ఐదొందలు ఇచ్చాను గానీ సంతకం దగ్గర చెయ్యి ఆగింది.

మా నాన్న కిడ్నీలు పోయి వారానికి రెండుసార్లు సోంపేట వెళ్లి డయాలసిస్ చేయించుకుంటూనే చనిపోయాడు. మా వీధిలోనే ఇంకా నలుగురున్నారు. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలలేదు. ఒక్క పిల్లకి అరకోటి అంటే ఆ డబ్బుతో ఇక్కడ ఎంతమంది గట్టెక్కుతారు? ఇలా అడగడం తప్పా?

గంటస్తంభం
తప్పు కాదు. మాది విజయనగరం, ఏజెన్సీ ఊళ్లలో డోలీ కట్టి గర్భిణుల్ని మోసుకొస్తున్నారు. ఒకరికి కోటి పెట్టేముందు వందమందికి రోడ్డు వెయ్యాలి. ఇంకో మాట, చేదుగా ఉన్నా చెప్పాలి. మేనరికాలు మానరు, పిల్లలకి జబ్బులొస్తే సర్కారు మీద పడతారు.

మందులకొట్టు
ముందు లెక్క చూడండి, తర్వాత దెబ్బలాడుకుందాం. ఆ ఎంజైము మందు పేరు ఇమిగ్లూసెరేజ్. డోసు మామూలుగా కిలో బరువుకి 60 యూనిట్లు. పిల్ల 12 కిలోలుంటే 720. సీసాలో 400 యూనిట్లే ఉంటాయి కాబట్టి రెండు సీసాలు. ఏడాదికి 26 సార్లు, అంటే 52 సీసాలు. ఒక్కో సీసా లక్ష పైమాటే. ఏడాది తిరక్కుండానే కేంద్రం 50 లక్షలు హారతి కర్పూరం.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పిల్ల ఎదుగుతుంది కదా. 13 కిలోల 333 గ్రాములు దాటిందా, 800 యూనిట్లు దాటినట్టే, మూడో సీసా విప్పాలి. డాక్టరు కాస్త అటూ ఇటూ సర్దితే వేరే సంగతి. మనం బిడ్డ ఒళ్లు చేస్తే దిష్టి తీస్తాం, వీళ్లు మాత్రం కాటా చూసి భయపడాలి.

ఇంత ఖరీదు ఎందుకంటే, 1991లో మొదటి మందుని కాన్పుల తర్వాత పారేసే మాయల నుంచి తీశారు. 1994 నుంచి చైనా హామ్‌స్టర్ అనే ఎలుకలాంటి జంతువు కణాల్లో పెంచుతున్నారు. మాత్ర బిళ్ల కొట్టినంత సులువు కాదు. అయినా లక్ష ఎందుకని అడగాల్సిందే.

వంశధార ఒడ్డు
ఆ గుంట మా గుంటే. ఎవరో ఈ రాతలు సూపిస్తే సదివినాను.

రెండో ఏటికే కడుపు బానలా అయిపోయింది. బల్ల పెరిగిందన్నారు. మలేరియా అన్నారు, మందు మింగించినాం. మా ముసలమ్మ ఊరుకోక ఎవుడినో పిలిపించి పొట్ట మీద వాతలు పెట్టించింది. ఇప్పటికీ బొడ్డు పక్కన మూడు మచ్చలున్నాయి. తానం పోసినప్పుడల్లా నా సెయ్యి ఆటి మీదే పడతాది. విశాఖలో ఒక ఆస్పత్రిలో బల్ల కోసి తీసీద్దాం అన్నారు. ఇంకో డాక్టరమ్మ ఆగమని, నెత్తురు సుక్కలు కాయితం మీద అద్ది పంపింది. అప్పుడు తెలిసింది పేరు.

మందెక్కించడానికి పలాసలో సాయంత్రం ఫలక్‌నుమా రైలెక్కితే తెల్లారినాక సికింద్రాబాద్. మందు పొడి. నీళ్లు కలిపినాక గట్టిగా ఊపకూడదు, నురుగొస్తే పాడైపోద్ది. ఆ నర్సమ్మ సీసాని పసిగుడ్డుని పట్టుకున్నట్టు పట్టుకుని మెల్లగా తిప్పుతాది. నానేమో ఊపిరి బిగబట్టి సూస్తాను. ఎనిమిది డోసులు అయినాయి. లంగా బొందు ముందు కొసాకొస అందేది, ఇప్పుడు రెండు ముళ్లేస్తన్నాను.

గంటస్తంభం బాబుగారికి: అవును, మేనరికమే. మా మేనత్త కొడుకునే సేసుకున్నాను. మా అప్ప కూడా మేనరికమే, దాని ముగ్గురు పిల్లలూ గుండ్రాళ్లలా ఉన్నారు. ఏటి సెప్పమంటారు?

టెక్కలి మాస్టారు
అమ్మా, మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. గంటస్తంభం గారూ, తల్లిలోనూ తండ్రిలోనూ ఒక్కో చెడ్డ జన్యువు దాగి ఉంటేనే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. ఆ ఇద్దరికీ ఈ జబ్బు ఉండదు, జన్యు పరీక్ష చేయిస్తే తప్ప తెలిసే దారీ లేదు. మేనరికంలో ఆ కలయికకి అవకాశం పెరుగుతుంది, నిజమే. బయటి సంబంధాల్లోనూ వస్తుంది. మేనరికాలు వద్దని పెళ్లిచూపుల దగ్గర చెప్పండి, ఆస్పత్రి మంచం దగ్గర కాదు.

ఇప్పుడు అసలు సంగతి. కవిటి బాబూ, మీ నాన్నగారికి ఇన్ని లక్షలు దాటితే డయాలసిస్ ఆపేస్తామని ఎవరైనా అన్నారా?

కవిటి కొబ్బరితోట
లేదు మాస్టారూ. ఎన్నాళ్లయితే అన్నాళ్లు చేశారు. నెలకు పదివేల పింఛను కూడా వచ్చేది.

టెక్కలి మాస్టారు
మరి అదీ బతికున్నన్నాళ్లు చెయ్యాల్సిందే, ఇదీ అంతే. దానికి గీత లేదు, దీనికి ఉంది. జీవితాంతం వాడాల్సిన మందుకి ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునే సొమ్మేమిటి? మందు ఆపితే కొన్నాళ్లకి బల్ల మళ్లీ పెరుగుతుంది. పెట్టిన 50 లక్షలూ గంగలో కలిసినట్టే. ఇవ్వకపోవడం ఒక రకం, ఇచ్చి మధ్యలో ఆపడం ఇంకో రకం. నాకు రెండోదే ఎక్కువ తప్పుగా కనిపిస్తోంది.

అరుదైన జబ్బుల మీద కేంద్రం తెచ్చిన 2021 విధానంలో ఈ జబ్బుల్ని మూడో గుంపులో పడేసి, దాతల్ని వెతుక్కోమన్నారు. 2022లోగానీ 50 లక్షలు అన్ని గుంపులకీ రాలేదు. ఆ ఏడాదే మన రాష్ట్రంలో ఇదే జబ్బున్న ఒక పాపకి ముఖ్యమంత్రి కోటి మంజూరు చేశారు. ఒక పాపకి దొరికింది ఇంకో పాపకి అర్జీ పెట్టుకుంటేగానీ దొరక్కపోతే అది పథకమెలా అవుతుంది, దయ అవుతుంది గానీ. 2014లో ఢిల్లీలో ఒక రిక్షా కార్మికుడి కొడుక్కీ ఇదే జబ్బు. హైకోర్టుకి వెళితేగానీ ప్రభుత్వం ఉచితంగా మందివ్వలేదు.

గంటస్తంభం
మేనరికం మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఆ తల్లి చదువుతుందనుకోలేదు. డబ్బు మాట మాత్రం తీసుకోను. గీత లేకపోతే రేపు ప్రతి అరుదైన జబ్బుకీ కోట్లు. కొందరికి మెదడు కూడా దెబ్బతింటుందట, ఈ మందు మెదడులోకి వెళ్లదట. వాళ్లకీ పెట్టాలా?

మందులకొట్టు
న్యాయమైన ప్రశ్న. ఈ జబ్బులో మూడు రకాలున్నాయి. పసితనంలోనే మెదడు మీద పడే రెండో రకానికి ఈ మందు వల్ల పెద్ద మేలు లేదు. మూడో రకంలో ఒంటికి పనిచేస్తుంది, మెదడుకి చెయ్యదు. ఈ పాపలాంటి మొదటి రకంలో మెదడు జోలికే రాదు, మందు పడితే బడికెళ్లి చదువుకుంటుంది. కాబట్టి గీత రోగానికి గియ్యాలి, డాక్టర్లు గియ్యాలి. రూపాయికి కాదు.

గాషేకే ఎలిగ్లుస్టాట్ అని మింగే మందు ఉంది. 2023 నవంబరులో మన దేశపు తయారీ వచ్చాక, ఏడాదికి కోట్లలో ఉండే ఖరీదు 3 నుంచి 6 లక్షలకి దిగిందని కేంద్రమే చెప్పింది. అది ముఖ్యంగా పెద్దవాళ్లకి, మొదటి రకానికి. ఈ పిల్ల ఆ వయసుకి చేరేదాకా ఇంజెక్షనుతో నెట్టుకురావాలి. అర్జీలో ఈ మాట రాయండమ్మా, ఖర్చుకి ఎక్కడో ఒక అంచు కనబడితే ఆఫీసరు కలం కదులుతుంది.

కవిటి కొబ్బరితోట
సంతకం పెట్టొచ్చాను. మా వీధిలో ఆ నలుగురి చేతా పెట్టించాను, అందులో ఇద్దరు డయాలసిస్‌కి వెళ్తూ ఆటోలోనే పెట్టారు. నా మనసు ఇంకా సగమే ఒప్పుకుంది, అబద్ధమెందుకు. పాప బరువెంతుందమ్మా ఇప్పుడు?

వంశధార ఒడ్డు
పోయిన తూరి కాటాలో 13 కిలోల 100 బావూ. ఇన్నాళ్లూ రెండు ముద్దలకే సాలు అనీసిది. ఈ వారం నుంచి మారన్నం అడుగుతోంది.