ఆఫీసు స్విచ్‌లు మార్చాలి: చెన్నై పార్ట్‌నరా, ఒంగోలు షాపా?

చీమకుర్తి_అకౌంట్స్:
మా గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లని, కెమెరాలని నెట్‌కి కలిపే సిస్కో 2960ఎక్స్ నెట్‌వర్క్ స్విచ్‌లు ఉండాయి. వాటి అమ్మకం 2022లోనే ఆపేశారు, 2027 అక్టోబర్ దాటితే సపోర్ట్ కూడా ఉండదు. కొత్తవాటికి రెండు కొటేషన్లు వచ్చినాయి, ఒకటి చెన్నై ఆథరైజ్డ్ పార్ట్‌నర్‌ది, ఇంకోటి ఒంగోలు షాపాయనది. ఒంగోలాయన రేటు బాగా తక్కువ. ఎవరికి ఇయ్యమంటారు?

నెల్లూరు_నెట్‌వర్క్:
చెన్నై వాళ్లకే ఇయ్యండన్నా. నాకు తెలిసిన ఆఫీసులో స్విచ్ పోయి సపోర్ట్‌కి ఫోన్ చేస్తే ఆ సీరియల్ నంబర్ వేరే కంపెనీ పేరు మీద ఉంది, చేతిలో బిల్లు ఉన్నా వారంటీ రాలా. రేటు తక్కువంటే నాకు ముందు అదే భయం.

ఒంగోలు_హార్డ్‌వేర్:
అట్టా అందరినీ ఒకే గాటన కట్టబాకు బ్రదర్. చెన్నై వాళ్లు నెక్స్ట్ బిజినెస్ డే, అంటే మరుసటి పనిరోజుకి వేరేది ఇస్తాం అని రాస్తారు, శనివారం సాయంత్రం స్విచ్ పోతే అది సోమవారమో మంగళవారమో అవుద్ది, ఈలోపు లారీలు తూచే కాటా కంప్యూటర్‌కి నెట్ లేక, లోడు బయటికి పోవాలంటే కావాల్సిన ఈ-వే బిల్లు రాక గేటు దగ్గర లారీలన్నీ వరసగా నిలబడిపోతాయి, అప్పుడు ఓనర్‌కి ఎవరు సమాధానం చెప్తారు? ఒంగోలు మనిషైతే గంటలో వచ్చి స్పేర్ పెట్టిపోతాడు.

నెల్లూరు_నెట్‌వర్క్:
స్పేర్ ఒకటి మీరే కొని బీరువాలో పెట్టుకోండి, స్విచ్ సెట్టింగుల (కాన్ఫిగ్) కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి, చాలు.

సీసీ_కెమెరా_పని:
అసలు కొటేషన్లో పీఓఈ వాట్లు చూశారా, అంటే నెట్ కేబుల్‌లోనే కెమెరాలకి స్విచ్ ఇచ్చే కరెంటు? 24 పోర్టుల్లో పోర్టుకి 15.4 చొప్పున ఫుల్లుగా రావాలంటే 370 వాట్లు కావాలి. తక్కువ రేటు మోడళ్లలో చాలావాటికి 195 దాకానే ఉంటది. పగలు అంతా బాగానే ఉంటది, చీకటి పడి కెమెరాల్లో రాత్రి చూపుకి వాడే ఐఆర్ లైట్లు వెలగంగానే కరెంటు ఎక్కువ లాగి చివరి కెమెరాలు ఆగిపోతాయి. ఇంకోటి, 370వి మామూలుగా ఫ్యాన్‌తో వస్తాయి, మీ రాయి దుమ్ముకి ఆ ఫ్యాన్లు ఎక్కువ రోజులు నిలవవు. స్విచ్ పెట్టుకోను ఫిల్టర్ ఉన్న మూసిన ర్యాక్ (పెట్టె) కూడా ఇద్దరి దగ్గరా అడగండి.

చీమకుర్తి_అకౌంట్స్:
మంచి మాట చెప్పారన్నా. ఇప్పుడే ఫోన్ చేశా, ఒంగోలాయన రాసింది 195దే. 370ది, ర్యాక్‌తో కలిపి మళ్లీ రాసిమ్మన్నా. సీరియళ్లు మా కంపెనీ పేరు మీద రిజిస్టర్ చేయిస్తానని పర్చేజ్ ఆర్డర్‌లో ఒప్పుకుంటే ఆయనకే ఇస్తా, కాటా ఆగితే మాకు జరగదు.

నెల్లూరు_నెట్‌వర్క్:
ఒప్పుకున్నా డబ్బంతా ముందే ఇయ్యబాకండి. డబ్బా విప్పి, సీరియల్ నంబర్ స్విచ్ తయారుచేసిన కంపెనీ సైట్‌లో చూసుకున్నాకే మిగతాది ఇయ్యండి.