ఈకలు పీక్కుంటున్న ఆఫ్రికన్ గ్రే చిలుక మా ఇంటికొచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (విశాఖ నుంచి):
మా వీధిలో ఒకళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ 9 ఏళ్ల ఆఫ్రికన్ గ్రేని వదిలించుకోవాలని చూస్తుంటే మనసు ఒప్పక మేమే తెచ్చుకున్నాం. ఇన్నేళ్లూ రెక్కలు చాపే వీలు కూడా లేని పంజరంలో వట్టి పొద్దుతిరుగుడు గింజలు తిని బతికింది. ఛాతీ మీద ఒక్క ఈక లేదు, చర్మం కనిపిస్తోంది. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే మూలకి నక్కి కుక్కలా గుర్రుమంటుంది. పొద్దున్నే మాత్రం ఆ ఇంటావిడ గొంతుతో "పాలొచ్చాయా" అంటుంది, వింటుంటే కడుపు తరుక్కుపోతోంది. పండు ముక్కలు పెడితే కింద పడేస్తోంది. కాగితాలేమైనా కావాలా?

జవాబు 1:
ముందు పక్షుల వైద్యం తెలిసిన డాక్టర్‌కి చూపించండి. ఈకలు పీక్కోవడం దిగులు వల్లే అనుకోకండి, ఒంట్లో జబ్బున్నా పీక్కుంటాయి. గింజల మీదే బతికిన పక్షికి ఎ విటమిన్, కాల్షియం తక్కువవుతాయి, గ్రేలకి కాల్షియం మరీ పడిపోతే ఫిట్స్ కూడా వస్తాయి. అలాగని గింజలు ఒక్కసారిగా ఆపేయకండి, పస్తులుంటుంది గానీ కొత్తది ముట్టదు. మా దానికి ఐదు నెలలు పట్టింది. తోటకూర కాడ తడిపి ఊచలకి కట్టేదాన్ని, మొదట దాన్ని చూసి భయపడింది, తర్వాత చించి పోగులు పెట్టింది, ఎప్పుడు మింగడం మొదలుపెట్టిందో నాకే తెలీదు. అవకాడో, చాక్లెట్ అస్సలు వద్దు. నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కి మాడితే వచ్చే పొగ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది, పంజరం వంటింటికి దూరంగా పెట్టండి.

జవాబు 2:
పంజరం పెద్దది కొనండి, దీనికి డబ్బు చూసుకోవద్దు. లోపల నున్నటి కర్ర తీసేసి లావూ సన్నమూ కలిపి జామకొమ్మలు పెట్టండి, ఒకే లావు కర్ర మీద ఏళ్ల తరబడి కూర్చుంటే పాదాలు పుండ్లు పడతాయి. రాత్రి 10-12 గంటలు చీకటి, నిశ్శబ్దం ఉండాలి, టీవీ గది పనికిరాదు. కొన్నాళ్లు చెయ్యి పెట్టకుండా పక్కన కూర్చుని పేపర్ చదువుకోండి చాలు. ఏళ్ల తరబడి పీక్కుని ఉంటే కొన్నిచోట్ల ఈకలు మళ్లీ రాకపోవచ్చు, దానికి బెంగపడకండి.

జవాబు 3:
గ్రే విదేశీ పక్షి, పెంచుకోవచ్చు. కానీ సైటిస్ (అంతరించిపోయే జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు ఉండాలి, పాతవాళ్లు ఊరు దాటకముందే వాళ్లచేత రాయించుకోండి. అదే మన రామచిలుక అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకోకూడదు, అటవీశాఖకి అప్పగించాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్ అండి. డాక్టర్‌కి ఫోన్ చేశాం, శనివారం రమ్మన్నారు. నిన్న తోటకూర కాడ కట్టాను. గంటసేపు తల వంచి వంచి చూసి ఒక ఆకు చించి కింద పడేసింది. ఇందాకే అమ్మ ఇంకో కాడ కట్టింది.