కాంటర్‌లో జీను కుడికే జారుతోంది: భుజాల తేడా వల్లా, వెనక కాలి నొప్పి వల్లా?

పన్నెండేళ్ల గెల్డింగ్ (విత్తులు తీసిన మగ గుర్రం). ఎడమ చుట్టులో కాంటర్ (మధ్యస్థ వేగపు దౌడు) మొదలైన రెండు మూడు రౌండ్లకే జీను రెండు వేళ్ల మేర కుడికి జరుగుతోంది. కుడి చుట్టులో దాదాపు కదలదు, ట్రాట్‌లో (కాంటర్ కంటే నెమ్మదైన పరుగు) అసలు కదలదు.

జీను ముందు భాగం భుజం ఎముక వెనకే ఉంది. విదర్స్ (మెడ, వీపు కలిసే ఎత్తు భాగం) మీద మూడు వేళ్ల ఖాళీ ఉంది. వెనక అంచు చివరి పక్కటెముకను దాటలేదు. పొట్ట కింది పట్టీని ఎక్కాక మళ్లీ బిగిస్తున్నాం. రికాబు తోళ్లు విప్పి పక్కపక్కన పెట్టి కొలిస్తే సమానమే (రోజూ ఎడమ నుంచే ఎక్కితే ఆ తోలు సాగుతుంది, అందుకే మొదటి అనుమానం దాని మీదే). రౌతును మార్చినా అటే జారుతోంది.

గుర్రాన్ని నాలుగు కాళ్లూ సమంగా నిలిపి, వెనక స్టూలెక్కి చూస్తే ఎడమ భుజం కుడిదానికంటే స్పష్టంగా నిండుగా ఉంది. విదర్స్ తక్కువ ఎత్తు, పొట్ట గుండ్రం. జీను తీశాక ఎడమ భుజం వెనక చెమట మధ్య అరచేతంత పొడి మచ్చ. అది ఎక్కువ ఒత్తిడి వల్లా, అసలు తగలకపోవడం వల్లా? చేత్తో నొక్కితే గుర్రం ఇబ్బంది పడటం లేదు.

కుడి ముందు వైపు షిమ్ (జీను కింద పెట్టే పలుచటి మెత్త) పెట్టి ఆ తేడా పూడ్చమంటున్నారు. నాకు భయం ఒక్కటే: వెనక కాలిలో సన్నటి కుంటితనం ఉన్నా జీను ఇలాగే పక్కకు జారుతుంది. షిమ్ పెడితే ఆ గుర్తు కప్పబడిపోదా? వెట్ (పశువైద్యుడు) వచ్చేలోపు జీను లేకుండా రెండు వైపులా లంజ్ చేస్తే (పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పితే) ఏ కాలిలో ఏం గమనించాలి? అనుభవమున్నవాళ్లు దయచేసి చెప్పండి, అప్పటిదాకా కాంటర్ ఆపేశాం.