ఓవర్‌హెడ్ ట్యాంకు పౌనఃపున్యం మధ్యాహ్నం పడిపోతోంది: పగుళ్లు కారణమా?

ప్రశ్న:
నమస్కారం. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పాత ఆర్‌సీసీ ఓవర్‌హెడ్ ట్యాంకుకు కంపనాన్ని కొలిచే యాక్సిలరోమీటర్లు అమర్చి, రెండు నెలలుగా దాని సహజ పౌనఃపున్యాన్ని (కదిలించి వదిలితే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ విలువను) నమోదు చేస్తున్నాను. తెల్లవారుజామున వచ్చే విలువ కంటే మధ్యాహ్నం వచ్చేది సుమారు 2 శాతం తక్కువగా ఉంటోంది, రాత్రికి మళ్లీ యథాస్థితికి వస్తోంది. దృఢత్వం తగ్గితే పౌనఃపున్యం తగ్గుతుందని చదువుకున్నాను కనుక స్తంభాల్లో పగుళ్లు పెరుగుతున్నాయేమోనని ఆందోళనగా ఉంది. ట్యాంకు కిందనే పిల్లలు ఆడుకుంటారు.

మొదటి జవాబు:
పగులు రాత్రికి పూడుకోదండి. ముందుగా నీటి మట్టం సంగతి చెప్పండి. నీరు చేరి కంపించే బరువు 40 శాతం పెరిగితే, ఒక్క పగులూ లేకుండానే పౌనఃపున్యం సుమారు 15 శాతం పడిపోతుంది. అయితే నీరంతా గోడలతో కలిసి కదలదు, పైభాగం విడిగా తొణుకుతుంది కాబట్టి మొత్తం నీటి బరువును లెక్కలో వేయకండి.

రెండో జవాబు:
ఎండను కూడా చూడాలి. కాంక్రీటు వేడెక్కితే దాని స్థితిస్థాపక గుణకం (సాగకుండా, వంగకుండా నిలిచే బిగువు) కొద్దిగా తగ్గుతుంది. స్విట్జర్లాండ్‌లో 1998లో కూల్చివేసిన జెడ్24 వంతెనను అంతకుముందు దాదాపు ఏడాదిపాటు పరిశీలించగా, దెబ్బతినకముందే పౌనఃపున్యాలు 14 నుంచి 18 శాతం దాకా మారాయి. అక్కడ చలికి తారు పొర గడ్డకట్టి బిగుసుకోవడం అందుకు ముఖ్య కారణం; అది విశాఖకు వర్తించదు. ఇక్కడ వర్షాకాలమంతా కాంక్రీటు తేమ పీల్చుకుని మెల్లగా ఆరుతుంది కనుక పౌనఃపున్యంపై ఆ ప్రభావం వారాల తరబడి సాగుతుంది. గాలి ఉష్ణోగ్రత చాలదు, కాంక్రీటు లోపలిదే కొలవండి. లోపలి వేడి బయటి ఎండ కంటే కొన్ని గంటలు ఆలస్యంగా పెరుగుతుంది. కనీసం ఒక ఏడాది కొలతలు లేకుండా నష్టం గురించి తీర్పు చెప్పడం నాకు సమంజసంగా తోచదు.

ప్రశ్నించినవారు:
మట్టం రాయలేదండి, అది నా పొరపాటే. పంపు వేళలు కనుక్కున్నాను. మధ్యాహ్నానికి నీరు దాదాపు ఒక అడుగు ఎక్కువగా ఉంటుందట.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అయితే ఆ 2 శాతంలో ఎక్కువ భాగం ఆ అడుగు నీటిదే అయి ఉండవచ్చు. ఒకే మట్టంలో, సూర్యోదయానికి ముందు తీసిన కొలతలనే ఒకదానితో ఒకటి పోల్చండి.

మూడో జవాబు:
ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉప్పుగాలి వల్ల కడ్డీలకు పట్టే తుప్పు తొలిదశలో పౌనఃపున్యంలో దాదాపు కనబడదు. తీరంలోని ట్యాంకుకు అసలు ప్రమాదం అదే. కవర్ కాంక్రీటును (కడ్డీలపై ఉండే బయటి పొరను) సుత్తితో తట్టి చూడండి, బోలు శబ్దం వస్తే ఆ పొర లోపల విడిపోయి ఉండవచ్చు. కడ్డీలు తుప్పు పట్టే అవకాశాన్ని విద్యుత్ కొలతతో అంచనా వేసే హాఫ్‌సెల్ పరీక్ష కూడా చేయించండి.

ప్రశ్నించినవారు:
ఇవాళ తట్టి చూశాను. సముద్రం వైపు స్తంభం అడుగున రెండు చోట్ల బోలు శబ్దం వస్తోంది. పిల్లలను అటు వెళ్లనీయవద్దని చెప్పి, నిర్వహణ సిబ్బందికి రాతపూర్వకంగా తెలియజేశాను. రేపటి నుంచి మట్టం, కాంక్రీటు లోపలి ఉష్ణోగ్రత రెండూ నమోదు చేస్తాను.