అప్‌డేట్: సీట్లకు డబ్బు కట్టలేదు, బాబు నా పక్కనే కూర్చున్నాడు

వైజాగ్ నుంచి హైదరాబాద్‌కు చవక విమానంలో సీట్లు విడిగా కొనకపోతే నన్నూ మా ఎనిమిదేళ్ల బాబునూ వేరుచేస్తారా, ఆవకాయ తేవచ్చా అని అడిగాను కదా. వచ్చేశాం. 12 ఏళ్ల వరకు పిల్లలకు, అదే పీఎన్ఆర్‌లో (ఒకే బుకింగ్ నంబరులో) ఉన్న తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనైనా సీటివ్వాలని 2024లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పింది. వెబ్ చెక్-ఇన్‌లో మాకు ఉచిత సీట్లే పక్కపక్కన వచ్చాయి. మావారికి మాత్రం చివర్లో మధ్య సీటు! హాయిగా నిద్రపోయారట.

ఆవకాయ డబ్బాను గట్టిగా చుట్టి చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాం. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. బరువు 15 కిలోలు దాటేలా ఉందని అదనపు కిలోలు ముందే ఆన్‌లైన్‌లో కొన్నాం, కౌంటర్లో రేటు ఇంకా ఎక్కువ. 7 కిలోల క్యాబిన్ బ్యాగు కోసం అంత టెన్షన్ పడితే, దాన్ని ఎవరూ తూచనేలేదు.