పెద్ద ఇంగ్లీషు పదాన్ని పలుకు చూసి విడగొట్టాలా, అర్థం చూసా?

చంటి అమ్మ: మావాడు ‘బయాలజీ’ని బై-ఆ-ల-జీ అని 4 ముక్కలు చేశాడు. టీచరు కొట్టేసి బయో-లజీ అని రాశారు. ఎవరిది రైటు?

పదశోధి: టీచరుదే. బయో అంటే ప్రాణం, లజీ అంటే శాస్త్రం. అర్థంలేని ముక్కలెందుకు? హెలికాప్టర్‌ని అందరూ హెలి, కాప్టర్ అనుకుంటారు. అతుకు అక్కడ లేదు. గ్రీకులో హెలికో మెలిక, ప్టెర్ రెక్క. ప్టెరోడాక్టిల్‌ అనే అంతరించిన ఎగిరే జంతువు పేరులో ఉన్నదీ ఆ ప్టెరే.

స్వరం: ప్టెర్ అని ఎవరికి నోరు తిరుగుతుందండీ? జనం హెలి అని విరిచారు కాబట్టే హెలిపాడ్, హెలిపోర్ట్ పుట్టాయి.

పదశోధి: నలుగురూ చేస్తే తప్పు ఒప్పయిపోతుందా?

బాటసారి: ‘నాలెడ్జ్’ వరస చివర విరగాల్సొస్తే అమెరికన్ నిఘంటువులు ఎల్ అక్షరం తర్వాత విరుస్తాయి. బ్రిటిష్ పాత పద్ధతిలో ఎల్‌కి ముందే, ‘నో’ (తెలుసు) దగ్గర. అంటే మొదటిది పలుకు చూసి, రెండోది అర్థం చూసి.

స్వరం: ఒప్పూ తప్పూ నాకు చెప్పకండి. ఇంటర్వ్యూలో పేరా చదవమన్నారు. నాకు నేర్పింది మీ అర్థం పద్ధతే. ‘ఫోటో’ అని గట్టిగా ఎత్తుకుని ‘గ్రఫీ’ తగిలించాను. ఎదురుగా ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఫోటోగ్రాఫ్‌లో ఊనిక (నొక్కి పలికే చోటు) మొదటి ముక్క మీద, ఫొటాగ్రఫీలో రెండో ముక్క మీద: ఫ-టాగ్-ర-ఫీ. మీ ముక్కలు ఆ సంగతి చెప్పవు.

పదశోధి: ఎందుకు చెప్పవు? చివర గ్రఫీ, లజీ, ఇటీ కనిపిస్తే ఊనిక దాని ముందున్న అచ్చు మీద పడుతుంది. ‘ఇన్‌కాంప్రిహెన్సిబిలిటీ’ పలుకు చూస్తే 8 ముక్కలు. చివర ఇటీ ఉందని తెలిస్తే చాలు, ‘బిల్’ మీద నొక్కుతారు. మీకు నేర్పినవాళ్ళు సగమే నేర్పారు.

స్వరం: నాకు నేర్పినవాళ్ళ జోలికి రాకండి.

పదశోధి: సరే, నా సంగతి వినండి. డిక్టేషన్‌లో విన్నది విన్నట్టు రాసి రోజూ దెబ్బలు తిన్నాను. ‘సైన్’లో జీ ఉందని ఏ చెవి చెప్తుంది? సిగ్నేచర్ దాని చుట్టమని తెలిశాకే ఆ జీ నాకు గుర్తుండిపోయింది.

స్వరం: అంటే మీ బాధ రాయడం గురించి. నేను మొదట్నుంచీ చదవడం గురించే మొత్తుకుంటున్నాను.

చంటి అమ్మ: ఇప్పుడే నోట్సు తీసి చూశాను. ప్రశ్నలో ‘సిలబుల్స్‌గా విడదీయండి’ అని ఉంది.

స్వరం: సిలబుల్స్ అంటే పలుకు ముక్కలే. అయితే 4. బాబుదే రైటు. టీచరుగారిని మళ్ళీ చూడమనండి.

పదశోధి: సిలబుల్స్ అంటే ఒప్పుకుంటాను, వాడు రాసిందే సరి. ఆ మాట ముందే చెప్పాల్సింది అమ్మా. స్వరం గారూ, సిగ్నేచర్‌కి మీ జవాబు ఇంకా రాలేదు.