సమస్యాపూరణం: దాత కంటె లోభి ధన్యుఁడు గద!

నిర్వాహకుడు: ఇచ్చిన పాదం, అంటే సమస్య, పొసగేలా మిగిలిన పాదాలు కూర్చి పద్యం చెప్పడమే పూరణ. ఈసారి సమస్య ఆటవెలదిలోని నాల్గవ పాదం. అయిదు సూర్యగణాలూ సరిపోయాయి, దా–ధలకు యతి చెల్లింది, చెల్లనిది అర్థం ఒక్కటే. ఆ అర్థాన్ని పదాల విరుపుతో కాక, మనుషులలో మనం నిత్యం చూసే గుణదోషాలతో చెల్లించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

హనుమకొండ సభ్యుడు:

తాను ముట్టఁబోఁడు తనవారికే యుంచి
పోవు వేళ నన్ని పుడమి విడుచు;
పేరు కోరి యిచ్చు పెద్దలఁ దలపంగ
దాత కంటె లోభి ధన్యుఁడు గద!

నిర్వాహకుడు: లోభి తాను తాకకుండా దాచినదంతా పరులకే వదిలిపోతాడు కనుక అతనిని మించిన దాత లేడన్న భావం సంస్కృత సుభాషితాలలో ఉన్నదే. దాని పక్కన పేరు కోరే పెద్దలను నిలిపి పోల్చడం మాత్రం మీ సొంతం. గణయతులు నిర్దుష్టంగా ఉన్నాయి.

ములుగు సభ్యురాలు: మూడవ పాదాన్ని నేను ఒప్పుకోలేను. పాలంపేటలో రామప్ప గుడిని కట్టించిన రేచర్ల రుద్రుడు 1213లో శాసనం వేయించి తన పేరును రాతిలో నిలుపుకున్నాడు. గుడి దగ్గరి చెరువు ఈనాటికీ పొలాలకు నీరిస్తున్నది. ఆ నీటితో నాటు వేసుకునే రైతు, చెరువు కట్టించినవారు కీర్తి కోరారా లేదా అని విచారించి మడి తడుపుకోడు. కీర్తికాంక్ష చిన్న లోపమే కావచ్చు, కాని దాని కోసం దాతను లోభి కంటె కిందికి దించడం న్యాయం కాదు.

పాలకుర్తి సభ్యుడు:

బలిని జూచి పలికె భార్గవుం డీ రీతి
"నిచ్చి చెడకు మయ్య యింటి సిరిని;
విత్తమున్నఁ గలుగు విజయంబు నిక్కంబు,
దాత కంటె లోభి ధన్యుఁడు గద!"

నిర్వాహకుడు: సమస్యను ఒకరి నోట పలికించడం అవధానులకు అలవాటైన దారి, ధార కూడా బాగుంది. అయితే మీరు భార్గవుడన్న బలి గురువు శుక్రుడు, దానం అడగ వచ్చినవాడు విష్ణువని గుర్తించి హెచ్చరించాడే తప్ప లోభాన్ని పొగడలేదు. మీకు పొరుగునే ఉన్న బమ్మెరకు చెందిన పోతన చిత్రించిన శుక్రుడు ఇంత అల్పబుద్ధి కాడు.

జనగామ సభ్యురాలు: మొదట "తిట్టు లిచ్చుచోట" అని ఎత్తుకున్నాను. శాపం ఇస్తాము, సలహా ఇస్తాము, తిట్టును మాత్రం ఇవ్వము, తిడతాము అని మా నాన్నగారు సరిచేయగా ఇలా మార్చాను.

శాప మిచ్చుచోట సలహ లిచ్చెడిచోటఁ
దీర్పుఁ జెప్పుచోటఁ దిట్టుచోట
మాట దాఁచువాని మన్నన యెన్నంగ
దాత కంటె లోభి ధన్యుఁడు గద!

నిర్వాహకుడు: ఈ వారం వచ్చిన వాటిలో నాకు మిక్కిలి నచ్చిన పూరణ ఇది. లోభి అనగానే అందరమూ డబ్బు వైపు చూశాము, మీరు నోటి వైపు చూశారు. అడగకపోయినా సలహా ఇచ్చేవారు, ఒక పక్షమే విని తీర్పు చెప్పేవారు ప్రతి ఇంటి అరుగు మీదా ఉంటారు కనుక, మాటను దాచుకునేవాని గొప్పతనం విడమరచి చెప్పకుండానే తెలుస్తున్నది. శాపాన్నీ సలహానూ ఒకే పాదంలో పక్కపక్కన కూర్చోబెట్టడం వలన, పుచ్చుకునేవారికి రెండూ ఒక్కలాగే తగులుతాయన్న ధ్వని కూడా వచ్చింది. "సలహ" ఉర్దూ నుండి వచ్చిన మాట అని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చును. మన నాలుక మీద ఎప్పుడో కుదురుకున్న మాటను పద్యం నుండి వెలివేయడం నాకు ఇష్టం లేదు.

హనుమకొండ సభ్యుడు: ములుగు సోదరి అభ్యంతరం సరైనదే. పేరు కోరడం కన్నా, ఇచ్చినదానిని పదిమందిలో గుర్తుచేసి దెప్పడం పెద్ద దోషం. పెళ్లిలో చదివించిన కట్నాన్ని పదేళ్ల తరువాత కూడా ఎత్తిపొడిచేవారిని చూశాను. కనుక మూడవ పాదాన్ని ఇలా మారుస్తున్నాను:

ఇచ్చి దెప్పునట్టి యీవినిఁ దలపంగ

ములుగు సభ్యురాలు: ఇప్పుడు నాకు సమ్మతమే. పై రెండు పాదాలకూ దీనికీ అతుకు కూడా కుదిరింది: అన్నీ పుడమి మీద విడిచి పోయిన లోభి, ఎవరినీ దెప్పడానికి తిరిగి రాడు.